సంక్షోభంలో దేశాధ్యక్షుల ధైర్యం: దేన్ని చూసి కొలవాలి?

జగదాంబ జంక్షన్:
అందరికీ నమస్కారం. డిసెంబరు మొదటి వారంలో మా కాలనీ గ్రంథాలయంలో డిగ్రీ పిల్లలతో ఒక చర్చ పెడుతున్నాం. అంశం: సంక్షోభ సమయంలో దేశాధ్యక్షుల ధైర్యం, నాయకత్వం. విశాఖలో దీనికి సందర్భం వెతుక్కోనక్కర్లేదు. బీచ్ రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం ఉంది, ఎదురుగా ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది. రాష్ట్రపతులు నౌకాదళ సమీక్షకు వచ్చే ఊరు మనది.

చిక్కు ఎక్కడంటే, పిల్లలు వెంటనే చెప్పేవి రెండే: 1991 ఆగస్టులో కుట్రదారుల్ని ఎదిరిస్తూ రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ట్యాంకు ఎక్కిన ఫోటో, 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ కీవ్ వీధిలో తీసుకున్న వీడియో. రెండూ గొప్పవే. అక్కడే ఆగిపోతే ధైర్యమంటే కెమెరా ముందు నిలబడటమే అన్న భావం మిగిలిపోతుంది. ఒక అధ్యక్షుడి నిర్ణయాన్ని కొలవాలంటే ఏ తేదీలు చూడాలి, ఏ కాగితాలు చూడాలి, ఎవరిని ఏ ప్రశ్న అడిగారో ఎలా పట్టుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. పొగడ్తలు వద్దు, సరుకు కావాలి.

కంచరపాలెం మాస్టారు:
బాబూ, ట్యాంకుతో కాదు, అర్ధరాత్రి వచ్చిన ఫైలుతో మొదలుపెట్టండి.

1975 జూన్ 25 రాత్రి. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ముందుకు ఎమర్జెన్సీ ప్రకటించమని ప్రధాని ఇందిరా గాంధీ లేఖ వచ్చింది. విషయం అత్యవసరం, కేబినెట్ ముందు పెట్టడానికి ఈ రాత్రి వీలుపడదు, కార్యనిర్వహణ నియమాల్లో 12వ నియమం కింద ఆ షరతును సడలిస్తున్నాను అన్నది దాని సారాంశం. ఆయన అర్ధరాత్రి కాకముందే సంతకం పెట్టేశారు. కేబినెట్ కూర్చున్నది మర్నాడు ఉదయం ఆరు గంటలకు. మంత్రుల్లో చాలామందికి సంగతి అప్పుడే తెలిసింది.

ఇప్పుడు ఆ గంటలు లెక్కపెట్టండి. సంతకానికీ కేబినెట్ సమావేశానికీ మధ్య ఉన్నది ఆరేడు గంటలు. ఢిల్లీలో ఉన్న మంత్రులు తెల్లవారుజామున రాగలిగినప్పుడు, రాత్రి పదకొండుకు ఎందుకు రాలేరు? రాష్ట్రపతి అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. పైగా 1971 డిసెంబరు 3న యుద్ధం సందర్భంగా ప్రకటించిన ఎమర్జెన్సీ అప్పటికింకా అమల్లోనే ఉంది. ‘ఒకటి ఉండగా రెండోది దేనికి?’ అన్న ప్రశ్నకు కూడా ఆ రాత్రి జవాబు అడగలేదు.

నా మటుకు అధ్యక్షుడి ధైర్యాన్ని కొలిచే మొదటి ప్రశ్న ఇది: తెల్లారేదాకా ఆగితే పోయేదేమిటని అడిగాడా?

రాజ్యాంగ పాఠకురాలు:
మాస్టారు చెప్పినదానికి చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను. అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో పిల్లలకు కచ్చితంగా తెలియాలి. అది తెలియకుండా తిడితే అన్యాయం, తెలియకుండా పొగిడితే అజ్ఞానం.

1975లో 352వ అధికరణ కింద ‘అంతర్గత కల్లోలం’ అనే కారణం సరిపోయేది. కేబినెట్ రాతపూర్వక నిర్ణయం ఉండాలని రాజ్యాంగంలో లేదు. పార్లమెంటు ఆమోదానికి రెండు నెలల గడువు, మామూలు మెజారిటీ చాలు. ఒకసారి ఆమోదం పొందితే మళ్లీ మళ్లీ పార్లమెంటుకు రావాల్సిన పని లేదు.

1978 నాటి 44వ సవరణ వీటిని ఒక్కొక్కటిగా బిగించింది. ‘అంతర్గత కల్లోలం’ స్థానంలో ‘సాయుధ తిరుగుబాటు’ వచ్చింది. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ప్రకటన చేయరాదు. ఒక నెలలోపు ఉభయ సభలూ ఆమోదించాలి, అదీ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు. అంటే 543 మంది లోక్‌సభలో కనీసం 272 ఓట్లు పడితీరాలి. ఆరు నెలలకోసారి మళ్లీ అదే పరీక్ష. లోక్‌సభ సభ్యుల్లో పదో వంతు, అంటే 55 మంది, నోటీసు ఇస్తే 14 రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టాలి. అక్కడ మామూలు మెజారిటీతో వద్దంటే ఎమర్జెన్సీ రద్దవుతుంది. 20, 21 అధికరణల హక్కుల్ని (నేర విచారణలో రక్షణ, ప్రాణం, వ్యక్తిస్వేచ్ఛ) ఎమర్జెన్సీలో కూడా నిలిపివేయడానికి వీల్లేదు.

74వ అధికరణ సంగతి వేరే చెప్పాలి. మంత్రిమండలి సలహా రాష్ట్రపతిపై కట్టుబాటు అని 42వ సవరణ స్పష్టంగా రాసింది. 44వది దానికి ఒక చిన్న తలుపు తెరిచింది: సలహాను ఒక్కసారి పునఃపరిశీలనకు వెనక్కి పంపవచ్చు. మళ్లీ అదే సలహా వస్తే సంతకం పెట్టాల్సిందే. మంత్రిమండలి సలహా విషయంలో మన రాష్ట్రపతి చేతిలో ఉన్న ఆయుధం ఆ ఒక్క ‘వెనక్కి’ మాత్రమే. దాన్ని ఎవరు వాడారు, ఎవరు వాడలేదు అన్నదే మన దేశంలో చూడాల్సింది.

డాల్ఫిన్స్ నోస్:
మాస్టారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. ‘తెల్లారేదాకా ఆగు’ అన్నది అన్ని రాత్రులకూ వర్తించదు.

1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పశ్చిమ ప్రాంత వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. ఆ రాత్రే రాష్ట్రపతి వి.వి. గిరి ఎమర్జెన్సీ ప్రకటించారు. అదే రాత్రి మన తీరానికి దగ్గర్లో పాక్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్‌ను ముందే అండమాన్ వైపు పంపేసి, ఇక్కడ రాజ్‌పుత్ నౌకతో విక్రాంత్ ఉన్నట్టు భ్రమ కల్పించారు. ఘాజీ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలకు పోయిందా, లోపల పేలుడుకు పోయిందా అన్న వాదం ఇంకా తెగలేదు. ఇక్కడ మనకు కావాల్సింది ఆ రాత్రి పరిస్థితి. శత్రువు గుమ్మంలో ఉన్నాడు. అప్పుడు ‘పొద్దున్న చూద్దాం’ అనడం ధైర్యం కాదు.

కాబట్టి మాస్టారి ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న వేయాలి: ముప్పు బయటినుంచి కళ్లకు కనబడుతోందా, లేక అధికారంలో ఉన్నవాడు చెబితే మాత్రమే తెలుస్తోందా?

లాసన్స్ బే:
బయటి ముప్పు కళ్లకు కనబడుతున్నా సమయం సంపాదించుకున్న అధ్యక్షుడు ఒకడున్నాడు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, 1962 అక్టోబరు, క్యూబా క్షిపణి సంక్షోభం. ఆ పదమూడు రోజుల్నీ రోజువారీగా చూస్తేనే ప్రయోజనం.

అక్టోబరు 14న అమెరికా గూఢచారి విమానం యూ-2 క్యూబాలో సోవియట్ అణు క్షిపణుల స్థావరాల ఫోటోలు తీసింది. 16 ఉదయం అవి కెన్నెడీ చేతికి వచ్చాయి. జనానికి చెప్పింది 22 సాయంత్రం. ఆ మధ్య ఆరు రోజులూ విషయం బయటికి పొక్కలేదు. ముందే నిర్ణయించిన ఎన్నికల పర్యటనలు కూడా మానలేదు, మానితే అనుమానం వస్తుందని. చివరికి షికాగో నుంచి జలుబు సాకుతో వెనక్కి వచ్చాడు.

ఆ ఆరు రోజుల్లో జరిగిన పని మీద పిల్లల్ని నిలపండి. మొదటి రోజు గదిలో గాలి మొత్తం వైమానిక దాడి వైపే వీచింది. సలహాదారుల్ని జట్లుగా విడదీశారు. ఒక జట్టు దాడి మీద, ఇంకో జట్టు నౌకా దిగ్బంధం మీద రాతపూర్వకంగా పథకం రాయాలి. తర్వాత కాగితాలు మార్చుకుని, ఎదుటివాళ్ల పథకంలో లోపాలు రాయాలి. కొన్ని సమావేశాలకు కెన్నెడీ రాలేదు. అధ్యక్షుడు ఎదురుగా ఉంటే చిన్న అధికారి నోరు విప్పడు. ఏడాదిన్నర ముందు క్యూబాలో కాస్ట్రోను కూల్చబోయి బే ఆఫ్ పిగ్స్‌లో దెబ్బ తిన్నది అందుకే: కొద్దిమంది చెప్పారు, మిగతావాళ్లు తలూపారు, అధ్యక్షుడు నమ్మాడు.

21వ తేదీన వైమానిక దళాధికారిని సూటిగా అడిగాడు: దాడి చేస్తే క్షిపణులన్నీ పోతాయా? అన్నీ పోతాయని హామీ ఇవ్వలేమని జవాబు. మిగిలిన ఒక్కటి చాలు ఒక నగరం పోవడానికి. దిగ్బంధం వైపు మొగ్గడానికి ఆ జవాబు పెద్ద కారణం.

ఇక 27, శనివారం. పొద్దున్న సోవియట్ నేత క్రుశ్చేవ్ నుంచి రెండో లేఖ వచ్చింది. ముందురోజు లేఖ కంటే కటువైనది, టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులు కూడా తీయాలని. మధ్యాహ్నానికి క్యూబా మీద యూ-2ను కూల్చేశారు, మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. విమానాన్ని కూల్చితే ఆ స్థావరం మీద తిరిగి దాడి చేయాలని ముందే అనుకుని ఉన్నారు. అయినా కెన్నెడీ ఆ దాడికి అనుమతి ఇవ్వలేదు. కూల్చింది మాస్కో ఆదేశంతో కాదు, స్థానిక కమాండర్ నిర్ణయం అని తర్వాత తేలింది. అదేరోజు సముద్రంలో బి-59 అనే సోవియట్ జలాంతర్గామిని పైకి రప్పించడానికి అమెరికా నౌకలు హెచ్చరిక పేలుళ్లు జరిపాయి. అందులో అణు టార్పెడో ఉందని పైన ఉన్నవాళ్లకు తెలియదు. లోపల వసీలీ ఆర్ఖిపోవ్ అనే అధికారి వద్దన్నాడు కాబట్టి అది బయటికి రాలేదు.

డాల్ఫిన్స్ నోస్ గారికి నేను చెప్పదలచుకున్నది ఇదే. ముప్పు ఎంత నిజమైనా, ఎదుటివాడి చర్య అతని నాయకుడి ఉద్దేశమేనా అని తేల్చుకోవడానికి ఒక్క పూట కావాలి. కెన్నెడీ ఆ పూట సంపాదించాడు. తన సైన్యాధిపతుల ఒత్తిడిని తట్టుకుని సంపాదించాడు.

గాజువాక గళం:
బాగుంది గానండీ, టర్కీ క్షిపణులు తీసేస్తామని ఆ రాత్రే అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెన్నెడీ సోవియట్ రాయబారి దొబ్రినిన్‌కు రహస్యంగా మాటిచ్చాడు కదా. 1963 ఏప్రిల్‌కల్లా తీసేశారు కూడా. జనానికి మాత్రం ఏటి చెప్పారు? క్రుశ్చేవ్ వెనక్కి తగ్గాడనీ, మనం నిలబడ్డామనీ. రాజీ పడటం ధైర్యమే, కాదనను. ఆ రాజీని ఏళ్ల తరబడి దాచడం వల్ల తర్వాత వచ్చినవాళ్లకు ‘మొండిగా నిలబడితే ఎదుటివాడు లొంగుతాడు’ అనే తప్పుడు పాఠం మిగిలింది. పిల్లలకు ఈ ముక్క తప్పకుండా చెప్పాలి.

లాసన్స్ బే:
ఒప్పుకుంటాను. చర్చలో దానికే పది నిమిషాలు ఇవ్వాలి.

పూర్ణా మార్కెట్:
యుద్ధాల మీదే ఉన్నారంతా. డబ్బు సంక్షోభం చూడండి. అక్కడ ధైర్యం పనితనంలో కనిపిస్తుంది.

1933 మార్చి 4, అమెరికా అధ్యక్షుడిగా రూజ్‌వెల్ట్ ప్రమాణ స్వీకారం. అప్పటికే చాలా రాష్ట్రాల్లో గవర్నర్లు బ్యాంకులు మూయించారు. జనం డబ్బు తీసి ఇళ్లలో దాస్తున్నారు. 6వ తేదీ తెల్లవారకముందే దేశమంతా బ్యాంకులకు సెలవు ప్రకటించాడు. అందుకు వాడిన ఆధారం 1917 నాటి శత్రుదేశాలతో వ్యాపార చట్టం. చట్టపరంగా అది చాలా పలచటి ఆధారం. ఆ సంగతి వాళ్లకు తెలుసు, అందుకే 9న కాంగ్రెస్‌ను పిలిచి అదేరోజు అత్యవసర బ్యాంకింగ్ చట్టం చేయించారు. సభ్యులందరికీ బిల్లు ప్రతులు కూడా లేవు, చదివి వినిపిస్తే ఓటేశారు.

సెలవు రోజుల్లో ఏం జరిగిందన్నది అసలు విషయం. కొట్టు మూసి సరుకు లెక్క చూసుకున్నట్టు, బ్యాంకుల్ని జల్లెడ పట్టారు: వెంటనే తెరవగలిగినవి, సాయం చేస్తే నిలబడేవి, ఇక తెరవకూడనివి. లైసెన్సు ఇచ్చినవే తెరవాలి. బ్యాంకు ఆస్తుల మీద కొత్త నోట్లు ఇచ్చేందుకు కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్‌కు వీలు కల్పించారు, తలుపులు తీశాక నగదు లేదనే మాట రాకుండా. తెరవడం కూడా ఒకేసారి కాదు. 13 సోమవారం ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులున్న పన్నెండు నగరాలు, 14న క్లియరింగ్ హౌస్‌లున్న (బ్యాంకుల మధ్య చెక్కుల లెక్క తేల్చే కేంద్రాలున్న) ఊళ్లు, 15 నుంచి మిగతావి.

తెరవడానికి ముందురోజు, 12 ఆదివారం రాత్రి పది గంటలకు రేడియోలో పదమూడు నిమిషాలకు కాస్త అటూఇటూగా మాట్లాడాడు. మీరు వేసిన డబ్బును బ్యాంకు ఏం చేస్తుంది, ఎందుకు అందరికీ ఒకేసారి ఇవ్వలేదు, రేపు ఏ ఊళ్లో తెరుస్తారు, ఎల్లుండి ఎక్కడ, మీ బ్యాంకు రేపు తెరవకపోతే కంగారు పడనక్కర్లేదు, ఎందుకంటే... ఇదీ వరస. ధైర్యంగా ఉండండి అని ఊరికే చెప్పలేదు, ఎందుకు ఉండవచ్చో చెప్పాడు. నెలాఖరుకు జనం తీసుకెళ్లిన నగదులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది.

అన్ని బ్యాంకులూ తెరుచుకోలేదు, చాలామంది పొదుపు పోయింది. అది కూడా చెప్పండి. ప్రతి బ్యాంకూ తెరుచుకుంటుందని మాటివ్వలేనని ఆ రేడియో ప్రసంగంలోనే అన్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పడానికే నాకు తెలిసి ఎక్కువ గుండె కావాలి.

కంచరపాలెం మాస్టారు:
డాల్ఫిన్స్ నోస్ చెప్పిన మినహాయింపు సబబే. దానికి ఒక షరతు పెడతాను. బయటి ముప్పుకు వెంటనే తీసుకున్న అధికారం, ముప్పు పోగానే దిగిపోవాలి. అక్కడ పెద్దవాళ్లే తప్పారు.

1961 ఏప్రిల్ 21-22 రాత్రి, అప్పటికి ఫ్రాన్స్ పాలనలో ఉన్న అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో నలుగురు ఫ్రెంచి సైన్యాధిపతులు తిరుగుబాటు చేశారు. 23 రాత్రి ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్ సైనిక యూనిఫాంలో టీవీలో, రేడియోలో మాట్లాడాడు. ఆ సైన్యాధిపతుల ఆజ్ఞలు పాటించవద్దని సూటిగా సిపాయిలకే చెప్పాడు. అల్జీరియాలో తప్పనిసరి సైనికసేవలో ఉన్న కుర్రాళ్లు జేబు ట్రాన్సిస్టర్లలో ఆ మాట విన్నారు. పై అధికారుల్ని దాటి మాట నేరుగా కింది సిపాయికి చేరడంతో తిరుగుబాటు నాలుగైదు రోజుల్లో కూలిపోయింది. ఇంతవరకూ నిస్సందేహంగా ధైర్యమే. కానీ ఆ రోజు చేతిలోకి తీసుకున్న ఫ్రెంచి రాజ్యాంగంలోని 16వ అధికరణ ప్రత్యేకాధికారాల్ని సెప్టెంబరు నెలాఖరు దాకా వదల్లేదు. తిరుగుబాటు వారం కూడా లేదు, అధికారాలు ఐదు నెలలు. మొదటి సగాన్ని మెచ్చుకుని రెండో సగం దాచకూడదు.

ఇక సంక్షోభాన్ని అధ్యక్షుడే పుట్టిస్తే? దక్షిణ కొరియా, 2024 డిసెంబరు 3 రాత్రి పదిన్నర వేళ. అధ్యక్షుడు యూన్ మార్షల్ లా ప్రకటించాడు. కేబినెట్ చర్చ పేరుకే జరిగింది. సైనికులు పార్లమెంటు భవనంలోకి చొరబడ్డారు. స్పీకర్ గోడ దూకి లోపలికి వెళ్లాడు. 300 మందిలో 190 మంది చేరుకుని, ఒంటిగంట దాటాక 190 ఓట్లతో రద్దు చేయమన్నారు. సగానికి పైగా సభ్యులు కోరితే అధ్యక్షుడు ఎత్తేయాల్సిందేనని వాళ్ల రాజ్యాంగంలో ఉంది. తెల్లవారుజామున ఎత్తేశాడు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం అతన్ని పదవి నుంచి తొలగించింది. ఆ రాత్రి ధైర్యం అధ్యక్ష భవనంలో లేదు, పార్లమెంటు గోడ మీద ఉంది.

రాజ్యాంగ పాఠకురాలు:
మన రాష్ట్రపతుల్లో ఆ ‘వెనక్కి’ని సరిగ్గా వాడినవాడు కె.ఆర్. నారాయణన్. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్ అసెంబ్లీలో మైకులు విసురుకుని కొట్టుకున్నారు. కల్యాణ్ సింగ్ బలపరీక్ష మాత్రం నెగ్గారు. గవర్నర్ నివేదిక మీద గుజ్రాల్ కేబినెట్ రాష్ట్రపతి పాలన సిఫారసు చేసింది. నారాయణన్ తిప్పి పంపారు. కేబినెట్ విరమించుకుంది. 1998లో బీహార్ విషయంలో వాజ్‌పేయి కేబినెట్ సిఫారసునూ అలాగే తిప్పి పంపారు. రెండు వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు, ఒకే కొలబద్ద. 1994 నాటి సుప్రీంకోర్టు బొమ్మై తీర్పు ప్రకారం బలం తేలాల్సింది సభలోనే.

కలాం విషయంలో రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టండి. ఈ ఊళ్లో 2006 ఫిబ్రవరిలో సింధురక్షక్ జలాంతర్గామిలో నీటి అడుగున ప్రయాణించిన మొదటి రాష్ట్రపతి ఆయన. అందరికీ గుర్తున్నది అదే. కానీ 2005 మే 22 రాత్రి ఆయన మాస్కోలో ఉండగా, బీహార్ అసెంబ్లీ రద్దు సిఫారసు ఫ్యాక్స్‌లో వెళ్లింది, అక్కడే సంతకం అయింది. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. మాస్టారి ప్రశ్న ఆ రాత్రికీ సూటిగా తగులుతుంది. మరుసటి ఏడాది 2006లో లాభదాయక పదవుల బిల్లును (కొన్ని పదవుల్లో ఉన్న ఎంపీలు అనర్హులు కాకుండా చూసేది) అదే కలాం పార్లమెంటుకు తిప్పి పంపారు. మళ్లీ ఆమోదించి పంపాక ఆగస్టులో సంతకం పెట్టారు. ఒకే మనిషి, రెండు రకాల ప్రవర్తన. వ్యక్తిని కాక నిర్ణయాన్ని తూచమని పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి జత నాకు తెలియదు.

సింహాచలం సంపెంగ:
ఉత్తరాంధ్రతో ముడిపడ్డ మనిషిని వదిలేయకండి. వి.వి. గిరి 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచినవారు. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ మరణించాక తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19, శనివారం, 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు. 20న రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికకు దిగారు. పార్లమెంటు సమావేశం 21, సోమవారం. రెండు రోజులు ఆగితే బిల్లుగానే పెట్టొచ్చు. బ్యాంకుల జాతీయీకరణ మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆర్డినెన్సుకు అవసరం ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న. నా అంచనాలో లేదు.

అదే గిరి మీద ఎన్నిక వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, 1970లో రాష్ట్రపతి పదవిలో ఉండగానే స్వయంగా సాక్ష్యం చెప్పారు. పదవి గౌరవం కోర్టు గడప తొక్కితే తగ్గదని చూపించారు. నేను దాన్ని ధైర్యం కిందే రాస్తాను.

జగదాంబ జంక్షన్:
అందరికీ చాలా కృతజ్ఞతలు. రెండు గంటల సమయం, నలభై మంది దాకా పిల్లలు. ఎలా నడపమంటారు?

లాసన్స్ బే:
ఉపన్యాసం వద్దు. ఎనిమిదేసి మంది చొప్పున ఐదు జట్లు. ఒక్కో జట్టుకు ఒక్కో రాత్రి: 1975 జూన్ 25, 1962 అక్టోబరు 27, 1933 మార్చి 5, 2005 మే 22, 1961 ఏప్రిల్ 23. కాగితం మీద ఆ క్షణం దాకా అధ్యక్షుడికి తెలిసినవి మాత్రమే రాసివ్వండి. తర్వాత ఏమైందో రాయకండి. అది తెలిస్తే అందరూ జ్ఞానులే అవుతారు. పాతిక నిమిషాల్లో నిర్ణయం, కారణం రాయాలి. తర్వాత కాగితాలు పక్క జట్టుకు ఇచ్చి, లోపాలు రాయించండి. జట్టులో గట్టిగా మాట్లాడే పిల్లాడు ఉంటే పది నిమిషాలు వాడిని బయట కూర్చోబెట్టండి, మిగతావాళ్లు ఏం రాస్తారో చూడండి. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు, 352నూ (ఎమర్జెన్సీ) 356నూ (రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన) కలిపేయడం. బీహార్ కాగితం మీద 356 అని పెద్దగా రాయండి.

భీమిలి దారి:
ఒక పేరు చేర్చమని నా మనవి. 1993 ఏప్రిల్ 10న దక్షిణాఫ్రికాలో నల్లజాతి నాయకుడు క్రిస్ హానీని కాల్చి చంపారు. దేశం తగలబడే పరిస్థితి. అధ్యక్షుడు డి క్లార్క్, అయినా ఆ రోజు జనం వినే గొంతు ఆయనది కాదు. టీవీలో మాట్లాడింది మండేలా, అప్పటికి ఆయనకు ఏ ప్రభుత్వ పదవీ లేదు. చంపింది పోలండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక తెల్లవాడు. ఆ కారు నంబరు పోలీసులకు చెప్పి పట్టించింది ఒక తెల్లజాతి స్త్రీ. ఈ రెండు వాస్తవాల్నీ మండేలా పక్కపక్కన పెట్టి చెప్పాడు. కోపాన్ని చల్లార్చే మాటలకు బదులు, కోపం జాతి మీదకు వెళ్లకుండా ఆపే వాస్తవం ఎంచుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండా ఎన్నిక తేదీ ఖాయమైంది: 1994 ఏప్రిల్ 27.

గాజువాక గళం:
మరి సంజీవరెడ్డి గారి సంగతి? 1979లో లోక్‌సభ రద్దు చేయడం తెగువా, తొందరపాటా? మన తెలుగువాడని ఊరుకోకూడదు కదా.

కంచరపాలెం మాస్టారు:
ఊరుకోనక్కర్లేదు. జూలై 15న ప్రధాని మొరార్జీ రాజీనామా చేశారు. రెడ్డి గారు ముందు ప్రతిపక్ష నేత చవాన్‌ను పిలిచారు, కుదరలేదు. తర్వాత మొరార్జీని, చరణ్ సింగ్‌ను మద్దతుదారుల జాబితాలు ఇమ్మన్నారు. జూలై 28న చరణ్ సింగ్‌ను ప్రధానిని చేస్తూ, ఆగస్టులో సభ విశ్వాసం పొందాలని గడువు పెట్టారు. ఇంతవరకూ క్రమం బాగుంది: పేర్లు కాగితం మీద అడిగారు, తుది తీర్పు సభకు వదిలారు.

కాంగ్రెస్ (ఐ) మద్దతు తీసేయగానే చరణ్ సింగ్ సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి, రద్దు చేయమని సలహా ఇచ్చారు. జనతా పార్టీ నేత జగ్జీవన్ రామ్ తనకు బలం ఉందంటున్నారు. 22న రెడ్డి గారు సభను రద్దు చేశారు. ఒక్కరోజు కూడా సభ విశ్వాసం పొందని ప్రధాని సలహాకు ఎంత విలువివ్వాలి? జగ్జీవన్ రామ్‌కు జాబితా అడిగే అవకాశం ఎందుకివ్వలేదు? జూలైలో ఇద్దరికి పెట్టిన పరీక్ష ఆగస్టులో మూడో మనిషికి పెట్టలేదు. నా అభ్యంతరం అంతవరకే. ఫిరాయింపులతో చేసిన ఇంకో ప్రభుత్వం కంటే ఎన్నికలే మేలన్న వాదానికీ బలం ఉంది. ఎన్నికల దాకా ఆ ప్రభుత్వం పెద్ద విధాన నిర్ణయాలు తీసుకోరాదని ఆయన షరతు పెట్టిన మాటా నిజం. ఈ రాత్రిని ఆరో జట్టుకు ఇవ్వండి, రెండు రోజుల గడువు అని కాగితం మీద రాసి.